గరిడీ నుండి క్రీడాప్రాంగణము వరకు

చీపురుపల్లిలో తెల్లవారకముందే రోడ్డు మేలుకొంటుంది. పాలబండ్ల కంటె, తొలి బస్సు కంటె ముందుగా దానిమీద అడుగుపెట్టేవారు పరుగెత్తే కుర్రవాళ్లు. పోలీసు కొలువు కొరకు, సైన్యములో చేరిక కొరకు దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే ఈ యువకులు నలుగురైదుగురు జట్టుగా రోడ్డు అంచు పట్టుకొని పోతుంటారు. ఎదురుగా లారీ దీపములు కనిపించగానే పక్కనున్న గడ్డిలోనికి దిగుతారు. లారీ దాటిపోగానే మరల తారుమీదికి వస్తారు. పరీక్షలో వారు పరుగెత్తవలసిన దూరము 1600 మీటర్లు. ఒక కిలోమీటరు రాయి నుండి మరొక రాయికి, అక్కడినుండి మరికొంత దూరమునకు వేసుకొన్న లెక్కయే వారికి కొలబద్ద. నేల మాత్రము వారిది కాదు, బండ్లది.

ఈ దృశ్యము ఉత్తరాంధ్రలో ఏ ఊరికి పోయినను కనిపించేదే. అయితే ఇది ఒక పెద్ద ప్రశ్నను మన ముందు నిలుపుతున్నది. ఆటకు, పరుగుకు, బలప్రదర్శనకు ప్రత్యేకముగా ఒక నేలను కేటాయించడము నాగరికతలో ఎప్పుడు మొదలైనది? ఆ నేలను విద్యాలయములు తమ ఆవరణలోనికి ఎందుకు తెచ్చుకొన్నవి? తెచ్చుకొన్న తరువాత దానిని ఏ విధముగా వాడుకొంటున్నవి?

విశ్వవిద్యాలయము ముందు పుట్టినదనీ, అందులో తీరిక వేళలకై ఆటస్థలము తరువాత వెలసినదనీ మనము సాధారణముగా భావిస్తాము. చరిత్రను తరచి చూస్తే సంగతి తలక్రిందులుగా కనిపిస్తుంది. ఏథెన్సు నగరము వెలుపల ప్లేటో తన శిష్యులకు తత్త్వబోధ చేసిన అకాడమీ, అరిస్టాటిలు నడుస్తూ పాఠము చెప్పిన లైసియము - ఈ రెండును మొదట వ్యాయామభూములే. యువకులు కుస్తీ పట్టడానికీ, పరుగెత్తడానికీ చేరే తోటలలోనే చర్చలు జరిగినవి; ఆ చర్చలే పాఠశాలలైనవి. అనగా పాశ్చాత్య విద్యాపీఠము ఆటస్థలమును తన ఒడిలో పెంచలేదు. ఆటస్థలమే విద్యాపీఠమును తన ఒడిలో పెంచినది. నేడు మనము స్టేడియము అని పిలిచే మాట కూడ గ్రీకుల పరుగుపందెపు దూరమునుండి వచ్చినదే. ఒలింపియాలో ఆ దూరము 192 మీటర్ల పైచిలుకు. మొదట కొలతకు పేరు, పిమ్మట ఆ కొలత గల పరుగుకు పేరు, చివరకు ఆ పరుగును చూడడానికి జనులు కూర్చొనే చోటికి పేరు. రోమనుల అరీనాకు అర్థము ఇసుక. మల్లులు, కత్తిసాము చేసే బానిసలు చిందించిన నెత్తురును పీల్చుకొనడానికి పరచిన ఇసుక అది. ఒకే రంగస్థలము గ్రీసులో పోటీకి, రోములో హింసావినోదమునకు నెలవైనది. నేల ఒక్కటే; దానికి విలువను ఇచ్చేది వాడుక.

మన ఆంధ్రదేశములోను ఇటువంటి రంగము ఒకటి వెలుగుచూచినది. కృష్ణానది లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వెలసిన చోట, నాగార్జునసాగరము నీటిలో ఆ లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు పెద్దయెత్తున త్రవ్వకములు జరిపినారు. బౌద్ధ విహారములు, స్తూపములు, దేవాలయములతోపాటు అక్కడ నలుప్రక్కల మెట్ల వరుసలతో కూడిన దీర్ఘచతురస్రాకారపు క్రీడారంగమొకటి బయటపడినది. నడుమనున్న చదునైన నేల సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. పడమటివైపు ప్రముఖులు కూర్చొనడానికి వేదిక వంటి కట్టడమున్నది. అక్కడ మల్లయుద్ధములు జరిగినవో, సంగీత నాట్యములు జరిగినవో, రెండును జరిగినవో పండితులు తర్కించుకొన్నారు. దేశములో అటువంటి ప్రాచీన కట్టడము బహు అరుదు. బౌద్ధ భిక్షువులు శాస్త్రచర్చలు చేసిన విహారములు గల నగరములోనే జనులు గుమిగూడి బలమును, కళను చూచి ఆనందించే రంగము కూడ ఉండుట గమనింపదగినది. ఆ రంగమును ఇటుకకు ఇటుకగా తరలించి అనుపు వద్ద మరల నిలిపినారు. చదువు, ఆట ఇరుగుపొరుగున బ్రతికిన కాలమునకు అది సాక్షి.

విజయపురి నుండి విజయనగరమునకు వస్తే మన ప్రాంతపు సొంత సంప్రదాయము ఎదురవుతుంది. దాని పేరు గరిడీ. ఊరి చివర ఒక పాక. లోపల మెత్తగా త్రవ్విన మట్టి. గోడకు ఆంజనేయస్వామి పటము. మూలను కర్రలు, గదలు, రాతి సంగిడీలు. సాయంకాలము పొలము పనినుండి వచ్చిన యువకులు గోచి బిగించి గురువుగారికి నమస్కరించి మట్టిలో దిగేవారు. దండెములు, బస్కీలు, కర్రసాము, కత్తిసాము అక్కడ నేర్చినవే. గురువునకు జీతము లేదు; పండుగనాడు ఇచ్చిన పంచెలచాపు, ఊరివారి గౌరవము ఆయనకు చాలును. సంక్రాంతికి, అమ్మవారి జాతరలకు గరిడీ వారు వీథిలోనికి వచ్చి విద్య ప్రదర్శించేవారు. బరువైన సంగిడీని భుజము మీదికి, అక్కడినుండి తలపైకి ఎత్తినవాడు ఆ యేడు ఊరికి వీరుడు. ఈ సంప్రదాయము పూర్తిగా అంతరించలేదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో సంక్రాంతి నాటి సంగిడీ పోటీలు నేటికిని జనమును ఆకర్షిస్తున్నవి.

ఈ మట్టిలోనుండి వచ్చినవాడే కోడి రామమూర్తినాయుడు. వీరఘట్టములో పుట్టి, విజయనగరములో పినతండ్రి ఇంట పెరిగి, మద్రాసులోని సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరములోనే వ్యాయామోపాధ్యాయుడైనాడు. పిమ్మట సర్కసు నెలకొల్పి దేశదేశములు తిరిగినాడు. ఒడలికి చుట్టిన ఇనుపగొలుసులను ఊపిరి బిగించి త్రెంచుట, రెండు భుజములకు కట్టిన గొలుసులతో రెండు మోటారు కార్లను కదలకుండ నిలుపుట, ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొనుట ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధములు. కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులీసు అని జనులు ఆయనను పిలిచినారు. 1942లో ఆయన కన్నుమూసినారు. ఆయన జీవితములో మన విషయమునకు సంబంధించిన ఒక విశేషమున్నది. గరిడీ మట్టిని, పాఠశాల వ్యాయామమును కలిపిన తొలితరమువారిలో ఆయన ఒకడు. గురుశిష్య పరంపరగా గుప్తముగా సాగిన బలవిద్య ఆయన వంటివారి మూలమున పాఠశాల కాలపట్టికలో ఒక గంటగా చోటు సంపాదించుకొన్నది. శ్రీకాకుళములోని క్రీడామైదానము నేడు ఆయన పేరనే వ్యవహరింపబడుతున్నది.

విజయనగరము నుండి మరొక పాయ కూడ బయలుదేరినది. అది రాచవారిది. విజ్జీ అను ముద్దుపేరుతో ప్రసిద్ధి చెందిన విజయనగర మహారాజకుమారుడు క్రికెట్టును పోషించినవాడు. 1930-31లో ఇంగ్లండు జట్టు భారత పర్యటన మానుకొనగా, హాబ్సు, సట్‌క్లిఫు వంటి మేటి ఆటగాండ్రను తానే రప్పించి సొంత జట్టుతో దేశములోను సింహళములోను ఆడించినాడు. 1936లో ఇంగ్లండుకు వెళ్లిన భారత జట్టుకు నాయకత్వము వహించినాడు. నాయకుడుగా ఆయనను విమర్శించినవారు పెక్కుమంది. ఆ విమర్శ నిరాధారము కాదు. అయినను పోషకుడుగా ఆయన పేరు నిలిచినది. దేశములోని విశ్వవిద్యాలయముల మండల జట్ల నడుమ జరిగే క్రికెట్టు పోటీకి ఆయన పేరనే విజ్జీ ట్రోఫీ అని పేరు. మన జిల్లా పేరు భారత విశ్వవిద్యాలయ క్రీడలలో ఈ రూపమున శాశ్వతమైనది. గరిడీ పేదవాని ప్రాంగణము, రాజావారి క్రికెట్టు మైదానము సంపన్నుని ప్రాంగణము. ఈ రెండింటిని ఒకే గడ్డిమీదికి తేగలిగిన స్థలము మూడవది ఒకటి కావలసివచ్చినది. అదియే విశ్వవిద్యాలయ మైదానము.

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926 ఏప్రిల్ 26న ఏర్పడినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. మొదట బెజవాడలో పనిచేసి, 1930లో వాల్తేరు మెట్టపైకి తరలి వచ్చినది. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులుగా శాఖలను విస్తరింపజేసినారు. జయపురము మహారాజా విక్రమదేవవర్మగారి దానము సైన్సు కళాశాలకు ప్రాణము పోసినది. కొండకు, కడలికి నడుమనున్న ఆ ఎర్రమట్టి మెట్టమీద తరగతి గదులకు, వసతి గృహములకు తోడు విశాలమైన ఖాళీ నేల కూడ ఉన్నది. ఆ విశాలతయే తరువాతి కాలములో దానికి వరమును, శాపమును అయినది.

రెండవ ప్రపంచ యుద్ధము ఆ నేలకు మొదటి పరీక్ష. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలినది. యుద్ధము ముగిసిన పిమ్మట గాని విద్యార్థులు వాల్తేరునకు తిరిగి రాలేదు. 1946లో ఇంజనీరింగు శాఖ ఆరంభమైనది. అది పెరిగి పెద్దదై ఉత్తరపు ఆవరణలో కళాశాలగా స్థిరపడగా, దాని ముందరి మైదానము నగరములోని పెద్ద మైదానములలో ఒకటిగా పేరుపొందినది. స్వర్ణోత్సవపు పేరు మోసే మైదానము మరొకటి ఉన్నది. కళాశాలల మధ్య పోటీలు, విశ్వవిద్యాలయ జట్ల ఎంపికలు ఇటువంటి నేలలమీదనే జరుగుతూ వచ్చినవి.

ఆ ఎంపికలకు ఉత్తరాంధ్ర పల్లెలనుండి విద్యార్థులు రైలులో వచ్చేవారు. ఇచ్ఛాపురము, పలాస, శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి, విజయనగరము - హౌరా మార్గములోని ఈ స్టేషనులన్నియు ఒకే దారము మీది పూసలు. అప్పుడు ఉత్తరాంధ్ర కళాశాలలన్నిటికి తల్లి వాల్తేరే. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1976లో గుంటూరు దాపున నాగార్జున విశ్వవిద్యాలయము, 2008లో శ్రీకాకుళము జిల్లా ఎచ్చెర్లలో అంబేద్కరు విశ్వవిద్యాలయము వెలసినవి, పరిధి కుదించుకొన్నది. అయితే పల్లెటూరి కుర్రవానికి మొదటిసారి సున్నపు గీతలు గీసిన పరుగుబాట కనిపించేది విశ్వవిద్యాలయములోనే అన్నమాట నేటికిని చాలవరకు నిజము.

ఆ గీతలలో ఎంత శాస్త్రమున్నదో సామాన్యముగా ప్రేక్షకుడు గమనింపడు. ప్రమాణబద్ధమైన పరుగుబాట లోపలి వరుస చుట్టుకొలత సరిగా 400 మీటర్లు. దానిని లోపలి గట్టు అంచున కాక, అంచునకు 30 సెంటీమీటర్ల ఎడముగా కొలుస్తారు. ఏలయన పరుగెత్తేవాడు గట్టును రాసుకొని పరుగెత్తలేడు. ఒక్కొక్క వరుస వెడల్పు 1.22 మీటర్లు. వెలుపలి వరుసలవాడు మలుపులలో ఎక్కువ దూరము తిరుగవలసి వస్తుంది కావున ఎనిమిదవ వరుసవాడు 400 మీటర్ల పరుగులో మొదటివానికంటె సుమారు 53 మీటర్లు ముందు నిలుస్తాడు. చూచేవారికి అది అన్యాయమనిపిస్తుంది. లెక్కకు అదే న్యాయము. మైదానమును వీలయినంతవరకు ఉత్తర దక్షిణములుగా వేస్తారు. ఉదయము, సాయంకాలము సూర్యుడు ఆటగాని కన్నులలో పడకుండుటకు. వంద మీటర్ల పరుగులో వెనుకనుండి వీచే గాలి సెకనుకు రెండు మీటర్లు దాటితే ఆ కాలము రికార్డుగా చెల్లదు. సముద్రపు గాలి ఎడతెగక వీచే వాల్తేరు వంటి చోట గాలిని కొలిచే యంత్రము ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కొలతలన్నియు పుస్తకములో ఉండి నేలమీద లేకపోతే ఏమవుతుందో విశాఖపట్టణపు బిడ్డ యర్రాజి జ్యోతి అనుభవము చెబుతుంది. 2020 జనవరిలో కర్ణాటకములోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలు జరిగినవి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము తరఫున వంద మీటర్ల హర్డిల్సులో ఆమె 13.03 సెకనులలో గమ్యము చేరినది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనూరాధా బిశ్వాలు నెలకొల్పిన 13.38 సెకనులు. పద్దెనిమిదేండ్ల రికార్డు కూలిపోయినదని జనులు హర్షించినారు. కాని ఆ పోటీలో ఉత్ప్రేరకముల పరీక్ష జరుగలేదు. సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. రికార్డు చెల్లలేదు. పరుగెత్తిన కాళ్లు నిజము, గడియారము నిజము. దస్తావేజు మాత్రము లేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడులో 13.09 సెకనులలో పరుగెత్తగా గాలి 2.1 మీటర్లు అని తేలి అదియు చెల్లలేదు. తుదకు 2022 మే 10న సైప్రసు దేశపు లిమసోలులో 13.23 సెకనులతో ఆమె పేరు జాతీయ రికార్డు పుటలో ఎక్కినది. తాను స్వదేశములో ఒక విశ్వవిద్యాలయ పోటీలో సాధించిన కాలముకంటె అది ఎక్కువదే! 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకనులతో కాంస్యము గెలిచి తన రికార్డును తానే మెరుగుపరచినది. సరిగా అమర్చిన మైదానము ఆటగానికి ఇచ్చేది బహుమతి కాదు, సాక్ష్యము. ఆ సాక్ష్యము లేనిచోట ప్రతిభ పుకారుగానే మిగులుతుంది.

ఇక విశ్వవిద్యాలయ మైదానము చేసే రెండవ కొలువును గూర్చి చెప్పవలెను. అది బహిరంగ సభ. నగరము పెరిగినకొలది లక్షలమంది పట్టే ఖాళీ స్థలములు తరిగిపోయినవి. మిగిలినది విశ్వవిద్యాలయపు మైదానమే. 2022 నవంబరు 12న, మరల 2025 జనవరి 8న ప్రధానమంత్రి సభలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల మైదానములో జరిగినవి. 2025 జూన్ నెలలో అంతర్జాతీయ యోగా దినమునకు ముందురోజు, వేలాది గిరిజన విద్యార్థులు విశ్వవిద్యాలయ మైదానములో సామూహికముగా సూర్యనమస్కారములు చేసినారు. మన్యపు పిల్లలు అంత పెద్ద మైదానములో ఒకే లయలో వంగి లేచిన దృశ్యము గరిడీ దండెములను చూచినవారికి పరాయిదనిపించదు. అన్ని పార్టీలవారు, అన్ని ప్రభుత్వములవారు ఆయా కాలములలో విద్యాలయ మైదానములను కోరుకొన్నవారే. ప్రజాస్వామ్యములో ప్రజలు ఒకచోట చేరుట కూడ ఒక విద్య. ప్రాచీన విజయపురి రంగములో కూడ ఒకే వాడుక ఉండి ఉండదు. కావున సభలు వద్దనుట సులభము, సమంజసము కాదు.

అయితే నష్టము ఎక్కడ ఉన్నదో నేలను తెలిసినవానికే తెలుస్తుంది. పందిరి గుంజలకు తీసిన గుంతను మట్టితో పూడ్చినను అది మొదటి నేల కాదు. వాన పడగానే క్రుంగుతుంది. లారీ చక్రముల క్రింద అదిమిన మట్టిలో గడ్డివేరు దిగదు, నీరు ఇంకదు. పరుగెత్తేవాని మడమ ఆ క్రుంగిన చోటనే మడత పడుతుంది. ఒకనాటి సభ మరునాటికి ముగుస్తుంది. నేల మాత్రము ఒక వానకాలమంతా ఆ సభను మోస్తుంది. రైతు తన మడిలో ఇతరుల బండిని పోనిచ్చినను మరునాడు నాగలి పట్టుకొని దానిని సరిచేస్తాడు. ఆ మడికి యజమాని ఉన్నాడు. మైదానము అందరిది అగుటచేత, సరిచేయవలసినవారు ఎవరన్న ప్రశ్న వచ్చేటప్పటికి ఎవరిదియు కాకుండా పోతున్నది. సభకు అనుమతి ఇచ్చే కాగితముమీదనే గుంతలు పూడ్చి, మట్టి వదులు చేసి, గడ్డి వేసి అప్పగించవలసిన గడువును కూడ వ్రాసి, దానికి తగిన సొమ్మును ముందే కట్టించుకొనుట అసాధ్యమైన పని కాదు. పోటీల కాలములో సభలకు తావు లేదనుట అంతకంటె సులభము. ఖాళీగా కనిపించిన నేలనెల్లను ఖాళీ స్థలమని భావించుటయే మన పొరపాటు. తరగతి గది సెలవునాడు ఖాళీగానే ఉంటుంది. ఆ కారణమున అందులో ఎవరును ధాన్యము పోయరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విశ్వవిద్యాలయ ఆవరణలో చెట్లు వేళ్లతో కూలినవి. కూలిన చెట్ల చోట మొక్కలు నాటవలెనని అందరికి తోచినది. మైదానము కూలదు కాబట్టి దాని గాయము ఎవరి కంటికిని కనబడదు.

ఈ మాటలన్నియు ఎవరికొరకని అడిగితే సమాధానము మన ఊళ్లలోనే ఉన్నది. ఆమదాలవలస దాపున ఊసవానిపేటనుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగములో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యము గెలిచినది. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ వనిత ఆమె. నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడ చిన్న పల్లె. బరువులెత్తుట అక్కడ ఇంటింటి విద్య. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల విభాగములో పతకము గెలిచినది. సంగిడీ ఎత్తిన నేలనుండి ఇనుపకడ్డీ ఎత్తిన బిడ్డలు వచ్చుటలో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యము మరొకచోట ఉన్నది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షురాలుగా నియమింపబడినది ఆ మల్లీశ్వరియే. కట్టమంచివారు, రాధాకృష్ణన్‌గారు కూర్చొన్న వంటి పీఠముపై బరువులెత్తిన చేతులు గల పల్లెపడుచు కూర్చొన్నది. వ్యాయామభూమిలో విద్యాపీఠము పుట్టిన నాటి కథ మరొక రూపమున తిరిగి వచ్చినది.

వాల్తేరు మెట్టపై విశ్వవిద్యాలయము 2025 ఏప్రిల్‌లో శతాబ్ది ఉత్సవములు ఆరంభించినది. నూరేండ్లలో అది ఎన్ని పట్టములు ఇచ్చినదో లెక్కలు దొరుకుతవి. దాని గడ్డిమీద ఎందరు తొలిసారి తమ బలమెంతో తెలుసుకొన్నారో ఏ లెక్కలోను దొరకదు. చదువు పుస్తకములను పంచినట్లే నేలను కూడ పంచవలసి ఉన్నది. పెద్ద మైదానము వాల్తేరులో ఒకటి చాలదు. ప్రతి మండల కేంద్రములోను 400 మీటర్ల మట్టిబాట ఒకటి, ఒక సంగిడీ పాక, వాటిని కనిపెట్టి ఉండే ఒక మనిషి కావలెను. వీటికి కోట్లు అక్కరలేదు.

చీపురుపల్లి రోడ్డుమీద తెల్లవారుతున్నది. తొలి బస్సు కూత వేసుకొంటూ వచ్చినది. కుర్రవాళ్లు గడ్డిలోనికి దిగి దారి ఇచ్చినారు. బస్సు దాటిపోయినది. వారు మరల తారుమీదికి ఎక్కి, విడిచిన అడుగునుండి పరుగు అందుకొన్నారు.